కొండ మీది చల్లగాలి

హాథర్లీ దొరకు వెన్నెముక లేదని ఆ వేసవికి ముందే నాకు తెలిసి ఉండాల్సింది. అతని కోట్లు ఇస్త్రీ చేసేది నేనే కదా. కొయ్యకు తగిలిస్తే ఆ కోట్లు నిలబడినంత నిటారుగా అతనెన్నడూ నిలబడలేదు. అయినా ఇంగ్లీషువాళ్ళు ఏలే హాంకాంగ్‌లో అతను మేజిస్ట్రేటు. మా వాళ్ళ దొంగతనాలూ జూదాలూ కొట్లాటలూ అతని ముందుకే వెళ్ళేవి. చైనా గడ్డ మీది కాంటన్ సర్కారు "ఫలానావాడు మా దొంగ, మీ గడ్డ మీద దాక్కున్నాడు, పట్టివ్వండి" అని అడిగితే, సాక్ష్యం విని పట్టివ్వాలా వద్దా అని తేల్చేది కూడా అతనే.

నేను ఆ ఇంట్లో ఆరేళ్ళు పనిచేశాను. నా పేరు లియాంగ్ యూట్‌ఫాన్. ఆ ఇంట్లో ఎవరూ అది అడగలేదు. పనికి కుదిరిన చైనా ఆడదాన్ని తెల్లవాళ్ళు "అమా" అంటారు, నేనూ అదే పేరుకు పలికేదాన్ని. వాళ్ళతో నేను మాట్లాడేది రేవు ఇంగ్లీషు. "టీ తెచ్చా, వేడి, తాగు" అన్నట్టు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అంతకు మించి నాకు రాదని వాళ్ళ నమ్మకం. నిజానికి మూడో ఏడు దాటేసరికి మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకునే మాటలు సైతం పొల్లు పోకుండా అర్థమయ్యేవి. గోడలకు చెవులుంటాయని వాళ్ళు తలుపులు మూసుకునేవాళ్ళు. మూసే ముందు నన్ను మాత్రం లోపలే ఉంచుకునేవాళ్ళు, టీ పోయడానికి.

దొరసానికి మా వేసవి పడేది కాదు. మెడ నిండా చెమటకాయలు. మా ఇల్లు కొండకు సగంలో ఉంది. కొండ పైన, మబ్బులు తగిలే చోట, పెద్ద దొరల బంగళాలు. అక్కడ చల్లగాలి. మేజిస్ట్రేటు హోదాకు అక్కడ చోటు దొరకదు. "నిన్ను చేసుకున్నప్పుడు ఎప్పటికైనా కొండెక్కుతావనుకున్నాను" అని ఆవిడ పొద్దునే మొదలుపెట్టేది. అతను పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

లీచీ పళ్ళు బజారుకు వచ్చిన రోజుల్లో మా వదిన వంటింటి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు.

"ఫాన్! మీ అన్నను పట్టుకుపోయారే. పడవ మీది నుంచి ఈడ్చుకుపోయారు."

మా అన్న కామ్‌పో సరుకుల పడవ నడిపేవాడు. మనిషి మంచివాడే గాని చెయ్యి ముందూ ఆలోచన వెనకా. కిందటేడు మా ఊరి దగ్గర నది మీద సుంకం వసూలు చేసే అధికారి ఒకే బస్తాకు రెండుసార్లు సుంకం అడిగితే, మా అన్న ఆయన్ని ఎత్తి నీళ్ళలో వేశాడు. అంతకు మించి అన్న చేసిన నేరం ఏమీ లేదు.

వంటవాడు ఫాట్ బాబాయ్ అంతా విని బాతు ఈకలు పీకుతూనే అన్నాడు, "నీళ్ళలో వేసినందుకు పట్టివ్వమంటే తెల్లవాళ్ళు నవ్వుతారు. అందుకని ఓడ దోపిడీ అని రాసుంటారు."

"అదే బాబాయ్, అదే చదివారు" అంది వదిన. "నాలుగో నెలలో నది మీద దోపిడీ జరిగిందంట. దొంగ నాయకుడు నుదురు నున్నగా గొరిగించుకుని ఉన్నాడంట. ఎడమ కణత పైన నెలవంక మచ్చంట."

బాబాయ్ చెయ్యి ఆగింది. నేనూ వదినా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ మచ్చ ఉన్నది నిజమే. చిన్నప్పుడు తెడ్డు తగిలి పడింది. మా మగవాళ్ళు తల ముందు భాగం గొరిగించుకుని వెనక జడ వేసుకుంటారు, అలా గొరిగితేనే ఆ మచ్చ కనబడుతుంది. కానీ మా అమ్మ రెండో నెలలో పోయింది. తల్లి పోతే కొడుకు వంద రోజులు క్షౌరం చేయించుకోడు. మా అన్న తల అప్పటికి అడవి అయిపోయింది. ఆ సుంకం అధికారి తన మనుషులకు అన్నను కిందటేడు చూసినట్టే వర్ణించి పంపాడు. మా అమ్మ పోయిన సంగతి వాడికి ఎవరు చెబుతారు!

"దొర కాళ్ళ మీద పడతాను" అన్నాను.

"చచ్చినా ఆ పని చెయ్యకు. నీ అన్న అని తెలిస్తే, మా ఇంటి మనిషి సంగతి నేను వినకూడదు అని కేసు ఇంకొకడికి నెట్టేస్తాడు. ఆ ఇంకొకడు కళ్ళు మూసుకుని సంతకం పెట్టే రకం" అన్నాడు బాబాయ్.

"మరి చూస్తూ కూర్చోమంటావా? అక్కడికి పంపితే ఏమవుతుందో నీకు తెలీదా?"

తెలియకేం. కాంటన్‌లో ఒక సందు ఉంది. మామూలు రోజుల్లో కుమ్మరులు అక్కడ కుండలు ఆరబెట్టుకుంటారు. తలలు తీసే రోజున కుండలు పక్కకు తీస్తారు, పని అయ్యాక మళ్ళీ తెచ్చి ఆరబెడతారు. ఆ సందు పేరు మా వాళ్ళెవరూ నోటితో అనరు.

బాబాయ్ గొంతు తగ్గించాడు. "మీ దొరకు తనకన్నీ తెలుసనిపించుకోవాలని పిచ్చి. తెలివి వాడికి లేదు, నువ్వు పెట్టు. కాకపోతే వాడే కనిపెట్టినట్టుండాలి."

అమ్మ పోయినప్పటి నుంచి నేను జడముడిలో తెల్ల నూలు పువ్వు పెట్టుకుంటున్నాను. అది మా మైల గుర్తు. దొరసాని అది చూసి "ఎంత ముద్దుగా ఉంది, నాకూ ఒకటి చేసివ్వు, టోపీకి కుట్టుకుంటాను" అంది, వారానికోసారి గుర్తు చేసేది కూడా. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మళ్ళీ అడిగింది.

"చెయ్యను. పువ్వు మంచి కాదు. అమ్మ చచ్చింది. అందుకు తెల్ల పువ్వు" అన్నాను.

దొరసాని ముఖం పాలిపోయింది. దొర పేపరు దించాడు. "ఓహో! మైలా? మీ మగవాళ్ళు కూడా పెట్టుకుంటారా?"

"మగాడు పువ్వు లేదు. మగాడు వంద రోజులు తల గొరగడు. గొరిగితే ఊరు ఉమ్మేస్తుంది."

"ఎవరూ గొరగరా? దొంగలు కూడా?"

"దొంగకు అమ్మ లేదా?"

అతను పెన్సిలు తీసి ఆ ముక్క చొక్కా చేతి అంచు మీద రాసుకున్నాడు. మర్నాడు దాన్ని రుద్ది ఉతికింది నేనే.

విచారణ రోజున పన్ను పీకించుకోవాలని చెప్పి కోర్టుకు వెళ్ళాను. మా వీధి సగం అక్కడే ఉంది. కాంటన్ నుంచి వచ్చిన అధికారి పట్టు అంగీలో విసనకర్ర ఊపుకుంటూ ముందు కూర్చున్నాడు. సాక్షి బక్కగా, నూనె రాసిన ముఖంతో నిలబడ్డాడు. దుబాసీ అతని మాటలు ఇంగ్లీషులో చెబుతున్నాడు.

"దగ్గర్నుంచి చూశానండీ. నాలుగో నెల, పున్నమి మర్నాడు. నుదురు అద్దంలా మెరిసిపోతోంది. కణత మీద నెలవంక మచ్చ. వెయ్యిమందిలో ఉన్నా గుర్తుపడతానండీ."

హాథర్లీ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఖైదీ టోపీ తీయించండి."

జవాను మా అన్న నల్ల టోపీ లాగేశాడు. నుదుటి మీద జుట్టు గుబురుగా లేచి నిలబడింది. మచ్చ కాదు కదా, ఆ తుప్పలో పిచ్చుక ఉన్నా కనబడదు. జనం గొల్లుమన్నారు.

"మీ తల్లి ఎప్పుడు చనిపోయింది?"

"రెండో నెలలో, దొరా."

"ఎవరికి తెలుసు?"

"మాకందరికీ తెలుసు! అందరం దినం కూడు తిన్నాం!" అని వెనక నుంచి నాలుగైదు గొంతులు.

అప్పుడు హాథర్లీ చైనావాళ్ళ ఆచారాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. భోజనాల బల్ల దగ్గర నేను చెప్పిన ప్రతి మాటా వరసగా అప్పజెప్పాడు. చివర్న కాంటన్ అధికారి వైపు తిరిగి, "దొంగకు తల్లి ఉండదా?" అన్నాడు, తనకే ఆ క్షణాన తట్టినట్టు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తీసుకో నాయనా, ఆ మాట నీదే, ఆ తెలివీ నీదే, నా అన్న తల నాకివ్వు చాలు అనుకున్నాను.

"ఈ సాక్ష్యం మీద నేనొక కుక్కను కూడా అప్పగించను. ఉత్తర్వు శుక్రవారం చదువుతాను" అని లేచాడు.

బయట మా వాళ్ళు టపాకాయలు కాల్చారు. వదిన ఒక మోపు లీచీలు కొని దారినపోయేవాళ్ళందరికీ పంచింది. ఫాట్ బాబాయ్ మాత్రం "శుక్రవారం దాకా ఎందుకో" అన్నాడు.

ఎందుకో బుధవారం సాయంత్రం తెలిసింది. కొండ మీది నుంచి ప్రెంటిస్ దొర నలుగురు మోసే కుర్చీలో దిగొచ్చాడు. గవర్నరు చెవి దగ్గర కూర్చునే మనిషి. అంతకు ముందు అతను మా గుమ్మం తొక్కి ఎరగడు. దొరసాని రెండుసార్లు గౌను మార్చింది. వరండాలో కుర్చీలు వేయించి నన్ను నిమ్మరసం తెమ్మన్నారు.

"హాథర్లీ, మేజిస్ట్రేటుకు ఏం తీర్పు చెప్పాలో చెప్పే మగాడు మన రాజ్యంలో ఇంకా పుట్టలేదు" అన్నాడు ప్రెంటిస్.

"నిజమేనండీ."

"నేనూ చెప్పను."

"సంతోషమండీ."

"కాకపోతే గవర్నరుగారికి మనసు బాగాలేదు. నది మీద మన సరుకు ఆగకుండా పోవాలంటే కాంటన్ వాళ్ళను మంచి చేసుకోవాలి. వాళ్ళడిగింది ఒక్కడిని. ఒక్క చైనావాడి జుట్టు దగ్గర రాజ్యాల స్నేహం ఆగిపోవాలా?"

హాథర్లీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ సాక్షి అబద్ధం చెబుతున్నాడండీ. నేను కళ్ళారా చూశాను." అన్నాడు, ఆ మాట అన్న మాట నిజం. ఆ వేసవి మొత్తంలో అతను నిటారుగా ఉన్నది ఆ ఒక్క గుక్క సేపే.

"అబద్ధం కాదయ్యా, తారీఖు పొరపాటు. పల్లెటూరి మనిషి, కంగారు పడ్డాడు. శుక్రవారం వచ్చి మొదటి నెల అని దిద్దుకుంటాడు. తల్లి పోకముందు మాట. వినడానికి నీకేమైనా అభ్యంతరమా?"

హాథర్లీ గ్లాసు కింద పెట్టాడు. ప్రెంటిస్ అతన్ని వదిలేసి దొరసాని వైపు తిరిగాడు.

"ఈ ఉక్కలో ఎలా ఉంటున్నారమ్మా? పాపం, మీ మెడ చూస్తేనే తెలుస్తోంది. మా పక్క బంగళా నెలాఖరుకు ఖాళీ అవుతోంది. ఎవరికివ్వాలన్నది నా చేతిలోనే ఉంది. మంచి గాలి."

దొరసాని విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ మొగుడి వైపు చూసింది. మొగుడు సముద్రం వైపు చూశాడు.

లేస్తూ ప్రెంటిస్ అన్నాడు, "అన్నట్టు, జైల్లో తలలన్నీ పేలు పట్టిపోయాయట. రేపు అందరికీ క్షౌరం చేయించమన్నాను. ఆరోగ్యం కోసం."

"మంచిది" అన్నాడు హాథర్లీ.

అంతే. ఆ ఒక్క మాటతో అయిపోయింది. నా చేతిలో నిమ్మరసం కూజా ఉంది. ముగ్గురి నెత్తినా కుమ్మరించాలనిపించింది. కుమ్మరించలేదు, గ్లాసుల్లో పోశాను. మనిషి దేనికైనా అమ్ముడుపోతాడని విన్నాను. బంగారానికి అమ్ముడుపోయినవాణ్ణి అర్థం చేసుకోగలను, పదవికి అమ్ముడుపోయినవాణ్ణి కూడా. వీడు పెళ్ళాం చెమటకాయలకు అమ్ముడుపోయాడు.

వంటింట్లో చెబితే ఫాట్ బాబాయ్ పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "కంచే చేను మేస్తే ఎవరికి చెబుతాం" అన్నాడు.

మనసొప్పక మర్నాడు పొద్దున దొరసాని దగ్గర కదిపి చూశాను. "దొరసానీ, జుట్టు మనిషి. జైలు మనిషి. దొంగ కాదు. వీధి అంతా చెబుతుంది. దొరకు చెప్పు."

ఆవిడ కర్టెన్లు పరిచి కొలుస్తోంది. "అమా, ఆ పై ఇంటి కిటికీలు ఇంతకంటే పొడుగు ఉంటాయంటావా?" అంది.

శుక్రవారం మా అన్నను తెచ్చారు. ఈసారి ఎవరూ టోపీ తీయించలేదు. తనే తీశాడు. నుదురు నున్నగా ఉంది, మొండి కత్తికి రెండు చోట్ల తెగి రక్తం గడ్డకట్టింది. కణత మీద మచ్చ తెల్లగా కనబడుతోంది. జనంలో నుంచి ఒక మూలుగు వచ్చింది. తల్లి మైలలో ఉన్నవాడికి క్షౌరం చేయడమంటే మా వాళ్ళలో చెప్పుతో కొట్టిన దానికంటే ఎక్కువ.

సాక్షి తొణక్కుండా, "మొదటి నెలండీ. నాలుగో నెల అన్నానా? ఎండకు నోరు తడబడి ఉంటుందండీ" అన్నాడు. దుబాసీ ఆ మాట చెప్పేటప్పుడు తల పైకెత్తలేదు.

"దొరా!" అన్నాడు అన్న. "మొన్న తమరే చూశారు గదా నా జుట్టు! తమరి కళ్ళతో చూశారు గదా!"

హాథర్లీ పైకి చూశాడు. "ఆ పంకా ఏమిటి ఆ లాగడం? గట్టిగా లాగండి." తర్వాత కాగితం తీసి చదివాడు. అప్పగించవచ్చని.

వెనక నుంచి మా వీధి ముసలమ్మ కర్ర ఊపింది. "మొన్న కుక్కను కూడా ఇవ్వనన్నావు కదరా అబ్బాయ్! మా పిల్లాడు కుక్క కంటే లోకువైపోయాడా? లేకపోతే ఆ కుక్క నువ్వేనా?" జవాన్లు ఆమెను బయటికి మోసుకుపోయారు. దుబాసీని ఆ మాట ఇంగ్లీషులో చెప్పమని ఎవరూ అడగలేదు.

గవర్నరు సంతకం ఒక్క పూటలో వచ్చింది. రేవులో, కాంటన్ పోయే ఓడ ఎక్కించే ముందు, వదిన జవానుకు ఏం చెప్పుకుందో గాని మమ్మల్ని దగ్గరికి పోనిచ్చారు. వదిన ఉప్పు వేసిన బాతు గుడ్డు ఒలిచి అన్న నోట్లో పెట్టింది. చేతులకు గొలుసులు కదా. అన్న నమిలి మింగి నా వైపు తిరిగాడు.

"ఫాన్, అమ్మ సమాధి దగ్గరకు పోయి చెప్పవే. నేనుగా గొరిగించుకోలేదని. నలుగురు పట్టుకుని గొరిగారని."

"చెబుతాను అన్నా."

"నమ్ముతుందంటావా?"

"నీ మాట ఏనాడు నమ్మింది గనక. నా మాట నమ్ముతుందిలే."

అన్న పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఓడ ఎక్కాడు. తల పోతుందన్న భయం కంటే తల్లికి తప్పు చేశానన్న దిగులే అతనిలో ఎక్కువ కనిపించింది. అలాంటివాణ్ణి దొంగ అన్నారు.

కొన్నాళ్ళకు పడవవాళ్ళు కబురు తెచ్చారు. ఆ ముందు రోజు కుమ్మరులు కుండలు పక్కకు తీశారట. వదిన పడవ అమ్మేసి పుట్టింటికి పోయింది. అదే వారం హాథర్లీ సామాను కూలీల వీపుల మీద కొండెక్కింది. కర్టెన్లు సరిగ్గా సరిపోయాయి.

నూలు కొనడానికి వీధిలోకి వెళ్తే అంగడి అత్త, "అన్నే కదే, తోబుట్టువు మైలకు నీలం నూలు చాలు" అంది.

"నీలం పెడితే దొరసాని మళ్ళీ ముద్దుగా ఉందంటుంది. తెల్లదే ఇవ్వు అత్తా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కొత్త ఇంట్లో మొదటి విందు. ప్రెంటిస్ దొర పక్కింటి నుంచి నడిచే వచ్చాడు. కిటికీల్లో నుంచి మబ్బు లోపలికి వస్తోంది. దొరసాని మెడ నున్నబడింది, శాలువా కప్పుకుని మరీ కూర్చుంది. నేను సూపు వడ్డిస్తూ ప్రెంటిస్ పక్కకు వంగినప్పుడు హాథర్లీ నా తల వైపు చూశాడు. పెద్ద అతిథి ముందు తనకు తెలిసిన ఒక్క ముక్కా చెప్పుకోకుండా ఉంటాడా!

"చూశారా ప్రెంటిస్, ఆ పువ్వు అలంకారం కాదు. మైల గుర్తు. ఇలాంటివి మనవాళ్ళు పట్టించుకోరు. అమా, ఇంకా అమ్మ కోసమేనా?"

"కాదు. అన్న."

"అయ్యో పాపం. ఏమైంది?"

గరిటె గిన్నెలో పెట్టాను. ఆరేళ్ళలో మొదటిసారి వాళ్ళ భాష ముక్కలు చేయకుండా మాట్లాడాను.

"తమరు ఎరిగినవాడే దొరా. మొదటిసారి మీ ముందుకు వచ్చినప్పుడు టోపీ తీయించి చూశారు. రెండోసారి వచ్చినప్పుడు పంకా వైపు చూశారు."

హాథర్లీ చెంచా నోటి దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. దొరసాని నన్ను అడగలేదు, మొగుణ్ణి అడిగింది. "దీనికి ఇంగ్లీషు వచ్చా?"

ముగ్గురూ ఆ బుధవారం పాత ఇంటి వరండాలో ఏమేమి అన్నారో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నారు. ముందుగా ఎర్రబడింది ప్రెంటిస్ ముఖం.

"వచ్చు దొరసానీ" అన్నాను. "నిమ్మరసం పోసిన రోజు కూడా వచ్చు."

నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి ఖాళీ కుర్చీ మీద వేసి బయటికి వచ్చాను. కొండ దిగేకొద్దీ ఉక్కపోత ఎక్కువైంది. ఆ దారి సగంలో చీలుతుంది. ఎడమకు పోతే ఊరు. కుడికి పోతే మా వాళ్ళ సమాధులు. నేను కుడికి తిరిగాను. అమ్మకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది.